తెట్టు తీసే ముసలాయన

ఒక ఏటి ఒడ్డున ఒక రైతుకు బెల్లం బట్టీ ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల చెరకంతా అక్కడికే వచ్చేది. సంక్రాంతి ముందు వెలిగిన పొయ్యి ఉగాది దాటితే గాని ఆరేది కాదు. ఎడ్లు గానుగ చుట్టూ తిరిగేవి. చెరకు నలిగి రసం కారేది. ఆ రసం చిన్న కాలవ గుండా పారి ఒక తొట్టిలో చేరేది. తొట్టిలోంచి కడవలతో ముంచి పెద్ద పెనంలో పోసేవారు. రసం కాగి, చిక్కబడి, పాకమై, చివరికి దిమ్మలుగా అచ్చయ్యేది.

ఆ బట్టీలో పేరంతా మేస్త్రీది. చల్లటి నీళ్లలో పాకం చుక్క వేసి, అది ఉండకట్టే తీరును బట్టి పెనం దించే వేళ చెప్పగలిగేవాడు. అతని చేతి బెల్లం కావాలని దూరపు సంతల నుంచి బేరగాళ్లు వచ్చేవారు. ఎడ్లు తోలేవాడికి, గానుగలో చెరకు పెట్టేవాడికి, పొయ్యిలోకి పిప్పి ఎగదోసే ఆడమనిషికి, దిమ్మలు పోసేవాడికి రైతు పద్దు పుస్తకంలో తలా ఒక వరస ఉండేది. ఎన్ని బళ్ల చెరకు వచ్చింది, ఎన్ని దిమ్మలు దిగాయి, ఎవరికెంత కూలి అన్నది అందులో పైసాతో సహా రాసి ఉండేది.

ఆ పద్దులో లేని మనిషి ఒకడుండేవాడు. బక్కపలచటి ముసలాయన. పొడుగాటి వెదురు కర్రకు కట్టిన చిల్లుల గరిటె ఒకటి అతని ఆస్తి. రసం వేడెక్కాక, మొదటి పొంగు రాబోయే ముందు, పైన బూడిదరంగు తెట్టు కడుతుంది. మట్టి, పీచు, చెరకు తొక్క మీది మైనం, అన్నీ సున్నం నీళ్లకు విడిపోయి పైకి తేలతాయి. దాన్ని ఆ వేళకే తీయాలి. తొందరపడితే సగం మడ్డి రసంలోనే ఉండిపోతుంది. ఆలస్యమైతే పొంగుతో పాటు తెట్టు విరిగి రసమంతా కలిసిపోతుంది, ఆ తరవాత ఎంత కాచినా పాకం గట్టిపడదు. ముసలాయన పెనానికీ గోడకీ మధ్య ఉన్న ఇరుకు సందులో నిలబడి, పెనం అంచున ఏళ్ల తరబడి అరిగిన చిన్న గాడిలో కర్ర ఆనించి, ఒక్క తిప్పుతో తెట్టునంతా ఒక పక్కకు చేర్చి ఎత్తి పారేసేవాడు. ఆ తరవాతే మేస్త్రీ పని మొదలయ్యేది.

అతను చేసింది అంతే. బెల్లంలో అతను కలిపేదేమీ లేదు. పొద్దున ఏ గరిటెతో సందులోకి దిగేవాడో, రాత్రికి అదే గరిటె కడిగి మూల నిలబెట్టేవాడు. పది దిమ్మలు దిగినా వంద దిమ్మలు దిగినా అతని దగ్గర తరిగేదీ పెరిగేదీ ఏమీ ఉండేది కాదు. పెద్ద పెనం దగ్గర పని కాగానే, పాకం చిక్కబడే రెండో పెనం దగ్గరికి వెళ్లి అక్కడ మళ్లీ కట్టిన తెట్టు తీసేవాడు. మధ్యలో వీలు చూసుకుని వెనక పాకలోకి వెళ్లేవాడు. అక్కడ ఒక చిన్న పెనంలో పల్చటి పాకం కాచేవారు. అది అమ్మకానికి కాదు, సున్నంలో కలిపి బట్టీ గోడలకు, తొట్టి పగుళ్లకు మెత్తడానికి. ఆ పెనానికీ అదే గరిటె.

అతని ఊరు ఏటికి అవతలి ఒడ్డున ఉండేది. పదిహేను రోజులకోసారి ఇంటికి పోయి, మనవల్ని చూసుకుని, చెరకు బండెక్కి తిరిగొచ్చేవాడు. బళ్లు ఆకుతో, మొవ్వలతో, ఎండుటాకు కట్లతో ఎత్తుగా వచ్చేవి. ఆ ఆకు మీద ఒక పక్కన ముడుచుకుని కూర్చుంటే ఏరు దాటడం తెలిసేది కాదు. నడిచి దాటే సత్తువ అతని మోకాళ్లకు ఎప్పుడో పోయింది. బండివాడు అతన్ని బరువుగా లెక్కించేవాడు కాదు, రైతు రాకగా లెక్కించేవాడు కాదు. ఆకుతో పాటు వచ్చేవాడు, అంతే.

ఒక ఏడాది పట్నం వర్తకుడొకడు వచ్చి పొరుగు సీమల్లో చెరకును ఎలా శుభ్రం చేస్తున్నారో చెప్పాడు. ఆకు దూసి, మొవ్వ నరికి, గడల్ని కడిగి తెస్తే బండికి రెట్టింపు గడ పడుతుందనీ, బెల్లం బంగారంలా మెరుస్తుందనీ, సంతలో దానికి ధర వేరనీ అన్నాడు. రైతుకు ఆ మాట నచ్చింది. మర్నాటి నుంచి నున్నగా, తెల్లగా, ఒక్క ఆకు కూడా లేని గడలే బట్టీకి రావాలని కబురు పెట్టాడు. మొదటి బళ్లు వచ్చిన రోజు ఊరంతా చూడ్డానికి వచ్చింది. అంత అందమైన చెరకును ఎవరూ చూసి ఉండలేదు. ఆకుతో వచ్చే బళ్లున్న చిన్న బట్టీలవాళ్లు సిగ్గుపడి తలలు దించుకున్నారు.

రైతును ఇక్కడ తిట్టడం తేలిక. కానీ అతను ఎవరినీ వెళ్లగొట్టలేదు, ఎవరి నోటి దగ్గర కూడూ తీయలేదు. మురికి అనుకున్నది తీసేశాడు. ఆ మురికి మీద కూర్చుని ఎవరొస్తున్నారో చూడలేదు. అతని చోట ఎవరున్నా చూసేవాళ్లు కాదేమో.

మొదటి రెండు వారాలూ ఏమీ జరగలేదు. ముసలాయన అప్పటికి బట్టీలోనే ఉన్నాడు. తెల్ల చెరకు రసం పలచగా, తేటగా దిగింది, బెల్లం నిజంగానే మెరిసింది. వర్తకుడు చెప్పిందంతా నిజమని రైతు నలుగురికీ చాటాడు. తరవాత ఒక సాయంత్రం ముసలాయన గరిటె కడిగి మూల నిలబెట్టి, ఖాళీ బండెక్కి ఇంటికి పోయాడు. తిరిగి రావడానికి రేవు దగ్గర నిలబడితే నున్నటి గడలు నిలువునా పేర్చిన బళ్లు వరసగా వెళ్లాయి. వాటి మీద కూర్చునే చోటు లేదు. రెండు మూడు రోజులు రేవులో కాచుకుని ఇంటికి మళ్లాడు.

బట్టీలో అతను లేడన్న సంగతి ఎవరూ గమనించలేదు. మేస్త్రీకి మాత్రం పాకం మొరాయిస్తున్నట్టు అనిపించింది. రోజుకు నాలుగు పెనాలు దిగే చోట మూడు, తరవాత రెండు దిగాయి. తెట్టు విరిగిన రసం ఎంత కాచినా జిగురుగా సాగేది గాని ఉండకట్టేది కాదు. మేస్త్రీ కలుపుతూ కలుపుతూ చేతులు పడిపోయి కూలబడేవాడు. పెనం ఖాళీ కాకపోయేసరికి తొట్టిలోంచి కడవలు కదల్లేదు. గానుగ మాత్రం ఆగలేదు. రసం వచ్చి తొట్టిలో పడుతూనే ఉంది. నిలవున్న చెరకు రసం ఎండకు ఎంతసేపాగుతుంది? మధ్యాహ్నానికి నురగ కట్టింది, సాయంత్రానికి పులుపు వాసన వేసింది, రెండో రోజుకు ఈగలు ముసిరాయి. పులిసిన రసం తొట్టి గచ్చును తినెయ్యడం మొదలుపెట్టింది. గచ్చుకు పూయడానికి వెనక పాకలో పాకం లేదు. అక్కడి చిన్న పెనం కూడా ముద్దకట్టి ఆగిపోయింది.

మూడు చోట్ల మూడు కష్టాలు కనిపించాయి రైతుకు. అందుకని ముగ్గురు నిపుణుల్ని పిలిపించాడు. మొదటివాడు పొయ్యి చూసి పిప్పి తడిగా ఉందన్నాడు. రెండోవాడు పెనం మోగించి చూసి రాగి పలచబడిందన్నాడు. మూడోవాడు తొట్టి పగుళ్లు చూసి సున్నం పాడైందన్నాడు. ముగ్గురికీ చూసిన మేరకు కళ్లున్నాయి. ఒకడు చూసిన చోటు ఇంకొకడు చూడలేదు. పిప్పి మార్చారు, పెనం మార్చారు, సున్నం మార్చారు. బెల్లం మాత్రం దిగలేదు.

అప్పుడు ఎవరో రైతుకు చెప్పారు, ముసలాడొకడు ఇక్కడ ఉండేవాడు కదా అని. రైతు వెంటనే అదే ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషిని వెతికించి తెచ్చాడు. ఆ కొత్త మనిషి సందులో సరిగ్గా ఇమిడాడు, గరిటె కర్ర గాడిలో ఆనించాడు. కానీ తెట్టు తిప్పడం అతనికి రాదు. పొంగు వచ్చినా కర్ర కదల్లేదు. అతను అక్కడి నుంచి కదలకపోవడంతో, చేతనైనంతలో గరిటె పట్టుకుందామని చూసిన మేస్త్రీ మేనల్లుడికి కూడా చోటు లేకపోయింది. ఎవరూ లేనప్పటికంటే అతనున్నప్పుడే పని పాడైంది. రెండు రోజులకు అతన్ని పంపేశారు. చేతనైనవాళ్లతో నెట్టుకొద్దామని మేనల్లుణ్ణి సందులోకి దింపితే, భుజాలు పట్టక ఇరుక్కుపోయాడు.

రైతుకు ఇక ఒకటే దారి తోచింది. బెల్లం తక్కువవుతోందంటే చెరకు చాలడం లేదన్నమాట. బళ్లు రెట్టింపు చేశాడు, రాత్రిపూట కూడా గానుగ తిప్పించాడు, అప్పుచేసి కొత్త ఎడ్లను తెచ్చాడు. తొట్టి నిండి ఉన్న సంగతి కళ్లెదుట కనిపిస్తున్నా, నిండుగా ఉంది కదా అని ధైర్యపడ్డాడే గాని, నిండుగా ఉన్నది ఎందుకు కదలడం లేదని అనుకోలేదు. మూడో రాత్రి తొట్టి పొర్లింది. పులిసిన రసం పాకలోకి పారి పొయ్యిలో చొరబడింది. మంట కక్కింది, ఎడ్లు జారి పడ్డాయి, పెనం ఒక పక్కకు ఒరిగింది. మేస్త్రీ ఆ చీకట్లో ఎటు పోతున్నాడో తెలియక తడబడి గోడకు కొట్టుకున్నాడు. నెమ్మదిగా మందగిస్తున్న బట్టీ ఒక్క రాత్రిలో కుప్పకూలింది. చెరకు లేక కాదు, చెరకు వచ్చి పడ్డందుకు.

మర్నాడు రైతు ఇంకో ఆలోచన చేశాడు. ఈ తెల్ల చెరకులోనే విషమేదో ఉండి ఉంటుందని నమ్మాడు. మిగిలిన గడలన్నీ ఏట్లో పారబోయించాడు. ఆ ఆలోచనలో సగం నిజముంది. ఏది మారిందో సరిగ్గానే పట్టుకున్నాడు. ఆ మార్పుతో ఏదో వచ్చి చేరిందనుకున్నాడు, ఏదో రావడం ఆగిపోయిందని అనుకోలేకపోయాడు.

ఆ రెండోది తట్టింది ఒక బండివాడికి. అతను ఈ బట్టీకీ, దిగువన ఉన్న ఒక పేద బట్టీకీ కూడా చెరకు తోలేవాడు. పేద బట్టీవాడికి ఆకు దూయించే స్తోమత లేదు, అతని బళ్లు పాత పద్ధతిలో ఆకుతోనే పోయేవి. అక్కడ బెల్లం ఏనాడూ ఆగలేదు. పెనం అదే రకం, పొయ్యి అదే రకం, మేస్త్రీ ఇంకా చేతకానివాడు. బండివాడు చాలా రోజులు రెండు బట్టీల వాకిళ్లలో నిలబడి చూశాడు. అక్కడ ఉన్నదీ ఇక్కడ లేనిదీ ఏమిటని వెతికాడు. చివరికి ఒక పొద్దున దిగువ బట్టీలో, పెనానికీ గోడకీ మధ్య సందులో, గరిటె తిప్పుతున్న ముసలాయన కనిపించాడు. రేవు దగ్గర ఆకు బండి ఒకటి అటు వెళ్తుంటే ఎక్కి వచ్చానని చెప్పాడు.

బండివాడు తన బండి మీద ఇంత ఆకు పరిచి, మర్నాడు అతన్ని పాత బట్టీకి తీసుకొచ్చాడు. ముసలాయన దిగగానే అప్పుడే గానుగ తిప్పొద్దన్నాడు. పులిసిన రసం వదిలించాక, సందులోకి దిగి కర్ర గాడిలో ఆనించాడు. ఆ తరవాతే గానుగ తిప్పమన్నాడు. పొద్దు వాలేసరికి మొదటి పెనం దిగింది. రాత్రికి రెండోది దిగింది. వెనక పాకలో పాకం మళ్లీ కాగింది, తొట్టి పగుళ్లు పూడ్చారు. మేస్త్రీకి మాత్రం గోడకు తగిలిన దెబ్బ పూర్తిగా మానలేదు. ఒక కన్ను అదురుతూనే ఉండేది, నిన్న జరిగినది ఇవాళ గుర్తుండేది కాదు.

రైతు ఆ రాత్రి బెల్లం తూచి చూసుకున్నాడు. దిమ్మల బరువులో ముసలాయన వాటా ఎంతో వెతికితే ఏమీ లేదు. అయినా పద్దు పుస్తకంలో ఒక వరస పెంచాడు, ప్రతి బండి మీదా ఇంత ఆకు ఉండి తీరాలని రాశాడు.

ఈ బట్టీ మన ఒంట్లోని కణం. చెరకు మనం తినే అన్నంలోని చక్కెర, మేస్త్రీ దాన్ని శక్తిగా మార్చే ఎంజైమ్, ముసలాయన ఆ ఎంజైమ్‌కు తోడుండే సహకారి, అనగా థయమిన్ అనే విటమిన్ బి1 నుంచి తయారయ్యే థయమిన్ పైరోఫాస్ఫేట్. అది లేని ఒంట్లో చక్కెర ఎంత పోసినా బలం రాదు, ముందు ఆ తోడును రప్పించి గాని చక్కెర పోయకూడదు.

కథలో నేను కల్పించింది మనుషుల్నే, పనిని కాదు. ఆరు కర్బనాల గ్లూకోజ్ కణంలో రెండుగా తెగి, మూడేసి కర్బనాల పైరువేట్‌గా మారుతుంది. తొట్టిలో చేరే రసం అదే. పైరువేట్ డీహైడ్రోజినేజ్ అనే పెద్ద ఎంజైమ్ కూటమి అందులోంచి ఒక కర్బనాన్ని బొగ్గుపులుసు వాయువుగా తీసి పారేసి, మిగిలిన రెండింటినీ మైటోకాండ్రియా పొయ్యిలోకి పంపుతుంది. ఆ కర్బనాన్ని తెంపే వేళ పైరువేట్‌ను పట్టుకుని నిలబడేది థయమిన్ పైరోఫాస్ఫేట్. ఆ కూటమికి ఇంకా నలుగురు సహకారులున్నారు: లైపోయిక్ ఆమ్లం, కోఎంజైమ్ ఎ, ఎఫ్‌ఏడీ, ఎన్‌ఏడీ. చివరి మూడూ కూడా బి విటమిన్ల నుంచే వస్తాయి. థయమిన్ లేకపోతే పైరువేట్ పేరుకుని లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది, రక్తం పులుస్తుంది. సిట్రిక్ ఆమ్ల చక్రంలో ఇంకో మెట్టు దగ్గర, కణం తన కేంద్రకామ్లాలకు కావలసిన పెంటోజ్ చక్కెరలు తయారుచేసే ట్రాన్స్‌కీటొలేజ్ దగ్గర కూడా ఇదే సహకారి కావాలి. అందుకే థయమిన్ లోపం ఒకరికి కాళ్ల తిమ్మిరిగా, ఇంకొకరికి గుండె వాపుగా, మరొకరికి మతిమరుపుగా కనిపిస్తుంది. సందులో ఇమిడి పనిచేయని ఆ కొత్త మనిషి లాంటివీ ఉన్నాయి. ఆక్సీథయమిన్, పైరిథయమిన్ అనేవి థయమిన్ చోటును ఆక్రమించి ఊరుకునే పదార్థాలు, ప్రయోగశాలల్లో జంతువులకు లోపం తెప్పించడానికి వాడినవి.

పెద్దవాళ్లకు రోజుకు కావలసిన థయమిన్ ఒక మిల్లీగ్రాము పైచిలుకు. ఒంట్లో నిలవుండేది 30 మిల్లీగ్రాముల లోపే, రెండు మూడు వారాల్లో అయిపోతుంది. మనం దాన్ని తయారుచేసుకోలేం. వరిలో అది ఉండేది పై పొరలో, మొలకలో. మిల్లులో తెల్లగా పాలిష్ పడితే తవుడుతో పాటు వెళ్లిపోతుంది, మిగిలిన కాస్తా బియ్యం కడిగిన నీళ్లతో, వార్చిన గంజితో పోతుంది.

ఆకు బళ్ల సంగతి మొదట కనిపించింది కోళ్లలో. 1890 ప్రాంతంలో జావా దీవిలోని బటేవియాలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు పెంచుతున్న కోళ్లు కాళ్లు పడిపోయి కూలాయి, కొన్నాళ్లకు వాటంతటవే లేచాయి. ఆరా తీస్తే, ఒక వంటవాడు వాటికి సైనిక ఆస్పత్రిలో మిగిలిన తెల్లన్నం వేశాడు, తరవాత వచ్చిన వంటవాడు సైన్యం బియ్యం కోళ్లకెందుకని ఆపేశాడు. తెల్లన్నంలో విషముందని, తవుడు దానికి విరుగుడని ఐక్‌మన్ చాలాకాలం నమ్మాడు. అది విషం కాదు, లోటు అని 1901లో తేల్చింది ఆయన తరవాత అక్కడే పనిచేసిన హెరిట్ గ్రైన్స్. అదే నగరంలో 1926లో యాన్‌సెన్, డోనాత్ తవుడులోంచి ఆ పదార్థాన్ని స్ఫటికాలుగా తీశారు.

వేరే దారిలో, లండన్‌లో, 1906లో ఆర్థర్ హార్డెన్, విలియం యంగ్ ఈస్టు రసాన్ని సన్నని వడపోతతో రెండు భాగాలు చేశారు. ఏ భాగమూ ఒంటరిగా చక్కెరను పులియబెట్టలేదు, కలిపితే పులిసింది. ఒక భాగాన్ని మరగబెట్టినా దాని గుణం పోలేదు. ఎంజైమ్‌కు పక్కన నిలబడే చిన్న సహకారి ఒకటుందని లోకానికి తెలిసింది అప్పుడే. 1929లో హార్డెన్‌కు రసాయనశాస్త్రంలో, ఐక్‌మన్‌కు వైద్యంలో, ఇద్దరికీ నోబెల్ బహుమతుల్లో చెరిసగం దక్కింది. ఇద్దరి పనీ ఒకే కథలో రెండు కొసలన్న సంగతి ఆనాటికి తేలలేదు. ఆ చక్కెర శక్తి చివరికి చేరే ఏటీపీని కండరాల్లోంచి వేరుచేసి సైరస్ ఫిస్క్‌తో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ప్రకటించిందీ ఆ ఏడాదే. ఆక్స్‌ఫర్డ్‌లో రుడాల్ఫ్ పీటర్స్ థయమిన్ అందని పావురాల మెదడులో పైరువేట్ పేరుకోవడం చూపించాడు. 1937లో లోమన్, షుస్టర్ ఈస్టులోని ఒక సహకారిని శుద్ధి చేసి చూస్తే అది ఫాస్ఫేట్ తగిలించుకున్న థయమినే. తవుడూ ఈస్టూ అక్కడ కలిశాయి.

ఈ జబ్బు, బెరిబెరి, మన నేలకు కొత్త కాదు. మద్రాసు రాష్ట్రంలో అది ముఖ్యంగా కనిపించింది ఉత్తర సర్కారు జిల్లాల కోస్తాలో, పచ్చి బియ్యం మిల్లు పట్టించుకుని తినే చోట. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలు దాదాపు తప్పించుకున్నాయి. వడ్లు నానబెట్టి ఉడికించినప్పుడు పై పొరలోని థయమిన్ గింజ లోపలికి దిగి, తరవాత పాలిష్ పట్టినా చాలావరకు అందులోనే ఉండిపోతుంది. కూనూరులోని పోషకాహార పరిశోధకులు 1920ల నుంచీ దీన్ని రాస్తూ వచ్చారు. దంపుడు బియ్యం తిన్న పాలేరు నిలబడి, సన్న తెల్లన్నం తిన్న కామందు కాళ్లు ఈడ్చిన ఇళ్లు ఆ రోజుల్లో ఉండి ఉంటాయని నేను నమ్ముతాను.

ఇవాళ మనకు బెరిబెరి అరుదు, కానీ తొట్టి పొర్లిన రాత్రి అరుదు కాదు. ఏళ్ల తరబడి తాగుడుకు అలవాటుపడినవాళ్లు, వారాల తరబడి వాంతులతో ఏమీ తినలేని గర్భిణులు, ఆకలితో చిక్కి శల్యమైనవాళ్లు ఆస్పత్రికి వస్తారు. నీరసంగా ఉన్నారని చుట్టాలు ఒక గ్లూకోజ్ బాటిల్ పెట్టించమంటారు. థయమిన్ లేని మెదడు మీద ఆ చక్కెర ఒక్కసారిగా పడితే కళ్లు అదరడం, నడక తూలడం, మాట తికమకపడడం మొదలుకావచ్చు. 1881లో కార్ల్ వెర్నికే వర్ణించిన జబ్బు అది, ఆలస్యమైతే జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు. అందుకే ఇలాంటివాళ్లకు వైద్యులు ముందు థయమిన్ ఇంజక్షన్ ఇస్తారు. చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తే గ్లూకోజ్‌ను ఆపరు, రెండూ కలిపే ఇస్తారు. వచ్చిన మనిషి తాగుతాడని, పదిరోజులుగా తినలేదని ఇంటివాళ్లు సిగ్గుపడకుండా చెబితేనే ఆ ఇంజక్షన్ సకాలంలో పడుతుంది.